థోరియం న్యూక్లియర్ క్లాక్: వచ్చేసిందా, ఇంకా లేజరు దగ్గరే ఆగిందా?

ఎమ్మెస్సీ ఫైనలియర్:
అందరికీ నమస్కారం. వచ్చే నెల మా డిపార్ట్‌మెంట్‌లో సెమినార్ ఇవ్వాలి. ఉత్సాహంగా "థోరియం-229 న్యూక్లియర్ క్లాక్" అని పేరిచ్చేశాను (పరమాణువు కేంద్రకం ఊపుతో సమయం కొలిచే గడియారం), ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది. వీడియోలు చూస్తే సగం మంది గడియారం తయారైపోయిందంటారు, సగం మంది ఇంకా చాలా ఏళ్లు పడుతుందంటారు. నాకు అర్థం కానిది ఏంటంటే, కేంద్రకం అంటే గామా కిరణాలు కదా, దాన్ని లేజరుతో ఎలా కదిలిస్తారు? పైగా ఇప్పుడున్న ఆప్టికల్ క్లాకులే, అంటే పరమాణువులోని ఎలక్ట్రాన్ల ఊపును లేజరుతో లెక్కపెట్టేవే, 18, 19 దశాంశ స్థానాల దాకా పోతున్నాయి, మళ్లీ ఇదెందుకు? 2024లో అసలు ఎవరు ఏం చేశారో కూడా ఒక వరసలో ఎవరైనా చెబితే పుణ్యముంటుంది.

స్పెక్ట్రోమీటర్:
మంచి టాపిక్కే పట్టారు. గామా సంగతి ముందు తేలుద్దాం.

మీరన్నది నిజమే. కేంద్రకంలో ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి ఎక్కాలంటే మామూలుగా వేలు, లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణు స్థాయిలో శక్తి కొలత) కావాలి. థోరియం-229 ఒక్కటే విడ్డూరం. దాని భూస్థాయికి (అన్నిటికన్నా కింది శక్తి స్థాయి) సుమారు 8.36 ఎలక్ట్రాన్ వోల్టుల పైన ఇంకో స్థాయి కూర్చుని ఉంది. ప్రోటాన్ల మధ్య వికర్షణ, కేంద్రక బలం, రెండూ చాలా పెద్ద లెక్కలు. ఈ రెండు స్థాయిల మధ్య వాటి తేడాలు ఒకదాన్నొకటి దాదాపు పూర్తిగా కొట్టేసుకుంటే మిగిలింది ఈ ఎనిమిది చిల్లర. తెలిసిన కేంద్రకాలు మూడు వేల పైచిలుకు. వాటిలో దీని తర్వాత తక్కువది యురేనియం-235లో ఉంది, అదే 76 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే లేజరుకు అందేది ఇప్పటికి ఇదొక్కటే.

8.36 ఎలక్ట్రాన్ వోల్టులంటే 148 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి. ఆ సంఖ్య కోసమే దాదాపు యాభై ఏళ్లు పట్టింది. 1976లో క్రోగర్, రైక్ అనే ఇద్దరు యురేనియం-233 క్షయంలో వచ్చే గామా కిరణాలు చూసి, ఇక్కడ రెండు స్థాయిలు మరీ దగ్గరగా ఉండాలన్నారు. ఎంత దగ్గరో చెప్పలేకపోయారు. 1994కి అది 3.5 ఎలక్ట్రాన్ వోల్టులు అన్నారు. దాన్ని నమ్మి చాలామంది 350 నానోమీటర్ల చుట్టుపక్కల వెతికారు, ఏమీ దొరకలేదు. 2007లో లివర్‌మోర్ బృందం మెరుగైన ఎక్స్-రే డిటెక్టరుతో కొలిస్తే అది 7.6కి ఎగిరింది. అంటే అన్నేళ్లూ వెతికిన చోట అసలా గీత (ఆ స్థాయికి ఎక్కించే కాంతి రంగు) లేనే లేదన్నమాట. 2016లో మ్యూనిక్ వాళ్లు ఆ స్థాయి నిజంగానే ఉందని మొదటిసారి నేరుగా చూపించారు, 2019లో 8.28 అన్నారు. 2023లో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలోని ఐసోల్డ్ కేంద్రంలో, ఆ స్థాయి నుంచి దిగేటప్పుడు వచ్చే కాంతినే పట్టుకుని 8.338కి తెచ్చారు.

మిగతాది రాత్రికి రాస్తాను.

పాతరేడియో:
జీవితమంతా ట్రాన్స్‌మిటర్లు, క్రిస్టల్ ఆసిలేటర్లతో గడిపినవాణ్ని. ఒక్క మాట అడుగుతాను. గడియారం అంటే ఊగేదొకటి, లెక్కపెట్టేదొకటి, దారి తప్పితే సరిదిద్దేదొకటి, మూడూ ఉండాలి. ఈ థోరియం వాళ్లు ఊగేదాన్ని కనిపెట్టారు, సంతోషం. దానికే గడియారం అని పేరు పెట్టి చాటింపు వేయడం ఏమిటి?

భీమిలి బీచ్:
అన్నలూ, మా ఊరి ఇసుకలో మోనజైట్ (థోరియం ఉండే ఖనిజం) ఉందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. కళింగపట్నం, భావనపాడు అంతా అదే కథ. దేశంలో మోనజైట్ నిల్వల్లో ఆంధ్రానే ముందంటారు. అంటే ఈ గడియారాలకి సరుకు మన దగ్గరే ఉన్నట్టేగా? 😄

స్పెక్ట్రోమీటర్:
భీమిలి గారూ, మీ ఇసుకలో ఉన్నది థోరియం-232. దాని అర్ధ జీవితకాలం 1,400 కోట్ల ఏళ్లు, అందుకే ఇంకా మిగిలి ఉంది. థోరియం-229ది సుమారు 7,900 ఏళ్లే. భూమి పుట్టినప్పుడు ఉన్నది ఎప్పుడో అయిపోయింది. ఇసుక ఎంత జల్లెడ పట్టినా లాభం లేదు.

అలాగని సంబంధం లేకపోలేదు. థోరియం-232ని రియాక్టరులో పెడితే న్యూట్రాన్ తిని, రెండు మెట్లు దిగి యురేనియం-233 అవుతుంది. ఆ యురేనియం ఆల్ఫా కణాన్ని వదిలితే మిగిలేది థోరియం-229. కల్పాక్కంలోని కామినీ రియాక్టరు నడిచేది యురేనియం-233 తోనే. చిన్నది, 30 కిలోవాట్లు. కాబట్టి ఆ రసాయనం మనవాళ్లకు తెలియనిది కాదు. కాకపోతే యురేనియం-233 అర్ధ జీవితకాలం 1.59 లక్షల ఏళ్లు. చాలా సరుకు చాలా ఏళ్లు నిల్వ ఉంటేనే చిటికెడు థోరియం-229 వస్తుంది. అమెరికాకు ఓక్ రిడ్జ్‌లో ఉన్న పాత నిల్వలే ఆధారం. పైగా ఆ చిటికెడు కోసం వైద్యులు కూడా కాచుకుని ఉంటారు. క్యాన్సర్ చికిత్సకు వాడే యాక్టీనియం-225 పుట్టేది కూడా దాన్నుంచే.

భీమిలి బీచ్:
అర్థమైంది అన్నా. వ్యాపారం మొదలెట్టకముందే మూతపడింది.

స్పెక్ట్రోమీటర్:
ఇక 2024. మూడు బృందాలు, ఆరు నెలల లోపు.

ఏప్రిల్‌లో జర్మనీ జాతీయ కొలమానాల సంస్థ, బ్రౌన్‌ష్వైగ్‌లోని పీటీబీ, వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయం కలిసి మొదటిసారి, కాల్షియం ఫ్లోరైడ్ స్ఫటికంలో పెట్టిన థోరియం కేంద్రకాన్ని లేజరుతో పైస్థాయికి ఎక్కించామని ప్రకటించాయి. పీటీబీలో ఎక్కెహార్డ్ పైక్, వియన్నాలో థోర్స్టెన్ షుమ్. ఈ పైక్, టామ్‌తో కలిసి 2003లోనే దీంతో గడియారం చేయొచ్చని రాసిన మనిషి. ఇరవై ఏళ్లు దాన్నే పట్టుకుని ఉన్నాడు. జులైలో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏలో ఎరిక్ హడ్సన్ బృందం వేరే రకం స్ఫటికంలో అదే గీత చూసింది. ఇది నాకు ముఖ్యమనిపిస్తుంది. రెండు వేర్వేరు స్ఫటికాల్లో ఒకే చోట కనిపించిందంటే అది స్ఫటికం చేసే మాయ కాదు. సెప్టెంబరులో కొలరాడో బౌల్డర్‌లోని జిలా (JILA) పరిశోధన సంస్థలో జున్ యే బృందం ఫ్రీక్వెన్సీ కోంబ్‌తో (దువ్వెన పళ్లలా సమాన దూరాల్లో ఫ్రీక్వెన్సీలుండే లేజరు) దాని ఫ్రీక్వెన్సీ నేరుగా కొలిచింది: 2,020,407,384,335 కిలోహెర్ట్జ్. చివరి అంకెలో రెండు అటూ ఇటూ.

ఫైనలియర్ గారూ, ఒక లెక్క స్లైడ్‌లో పెట్టుకోండి. 2019 నాటి అనిశ్చితి 0.17 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే సుమారు 41 టెరాహెర్ట్జ్. 2024లో 2 కిలోహెర్ట్జ్. అయిదేళ్లలో రెండు వేల కోట్ల రెట్లు తగ్గింది.

గోదారి గట్టు:
ఇంతకీ మామూలు అతినీలలోహిత లేజర్లు ఆసుపత్రుల్లో, కంటి ఆపరేషన్లలో కూడా వాడతారుగా. 148 నానోమీటర్లలో ఏముంది అంత కష్టం?

రాత్రి షిఫ్టు:
ఇది నాకు వదిలేయండి. నేను పనిచేసే ల్యాబు థోరియంది కాదు గానీ, యూరప్‌లో ఇదే తరంగదైర్ఘ్యాల చుట్టూ తిరిగే కాంతితో వేగుతుంటాం.

కంటికి వాడేది 193 నానోమీటర్లు. అది గాలిలో కొంత దూరమైనా పోతుంది. 148 దగ్గర గాలిలోని ఆక్సిజనే దాన్ని మింగేస్తుంది. కాబట్టి కాంతి పుట్టిన చోటు నుంచి డిటెక్టరు దాకా అంతా శూన్యంలోనే. మామూలు గాజూ, క్వార్ట్జూ దానికి గోడలే. కాల్షియం ఫ్లోరైడ్, మెగ్నీషియం ఫ్లోరైడ్ లాంటివే దారిస్తాయి. అవి కూడా సుకుమారం. పంపు నుంచి కాస్త నూనె ఆవిరి వచ్చినా, ఎవరైనా గ్లవ్స్ లేకుండా ముట్టుకున్నా, ఈ కాంతి ఆ జిడ్డుని అద్దం మీదే కాల్చి నల్లటి పొర చేసేస్తుంది. ఉదయం బాగున్న సిగ్నల్ సాయంత్రానికి సగమైతే మేం ముందు అనుమానించేది భౌతికశాస్త్రాన్ని కాదు, అద్దాన్ని.

ఇక కాంతిని పుట్టించడం. ఆకుపచ్చ పాయింటర్‌లో జరిగినట్టు స్ఫటికం పెట్టి ఫ్రీక్వెన్సీ రెట్టింపు చేద్దామంటే, మనం రోజూ వాడే స్ఫటికాలన్నీ ఇక్కడికొచ్చేసరికి చేతులెత్తేస్తాయి. అందుకని వాయువు దగ్గరికి పోవాలి. పీటీబీ వాళ్లు జెనాన్‌లో నాలుగు తరంగాలను కలిపి పల్స్‌లు తీశారు. జిలా వాళ్లది ఇంకో దారి. పరారుణ కోంబ్ లేజరుని అద్దాల మధ్య తిప్పి తిప్పి బలం పెంచి, అది బాగా సన్నబడే చోట జెనాన్ జెట్ వదులుతారు. అక్కడ ఏడో హార్మోనిక్, అంటే ఏడు రెట్ల ఫ్రీక్వెన్సీ ఉన్న కాంతి పుడుతుంది. సుమారు 1040 నానోమీటర్లను ఏడుతో భాగించి చూడండి.

పుట్టే కాంతి ఎంతనుకున్నారు? కోంబ్‌లో ఒక్కో పన్ను దగ్గరికొచ్చేసరికి నానోవాట్ లెక్క. కేంద్రకాన్ని ఎక్కించేది అందులో ఒకే ఒక్క పన్ను. మిగతా పళ్లన్నీ డిటెక్టరుకు చికాకు తప్ప దేనికీ పనికిరావు.

పాతరేడియో:
రేడియోలో స్టేషన్ వెతకడం లాంటిదే అనుకుంటున్నా. కానీ అన్ని పళ్లు ఒకేసారి వాయిస్తుంటే ఏది తగిలిందో ఎలా తెలుస్తుంది?

రాత్రి షిఫ్టు:
పళ్ల మధ్య దూరం మార్చి మళ్లీ వెతుకుతారు గురువుగారూ. దూరం మారితే గీత తగిలే చోటు జరుగుతుంది. ఎంత జరిగిందో చూస్తే అది ఎన్నో పన్నో లెక్క తేలుతుంది.

మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు కూడా ఇక్కడే ఉంది. ఆ కోంబ్ అటు థోరియాన్ని తాకుతుంది, ఇటు దాని పరారుణ మూలం పక్క గదుల్లోని స్ట్రాన్షియం క్లాకుకు (స్ట్రాన్షియం పరమాణువులతో నడిచే ఆప్టికల్ క్లాకు) ముడిపడి ఉంది. అంటే ఊగేదానికి, లెక్కపెట్టేదానికి మధ్య వంతెన పడింది. థోరియం, స్ట్రాన్షియం ఫ్రీక్వెన్సీల నిష్పత్తి నేరుగా వచ్చేసింది.

లేనిది మీరన్న మూడోది. జిలా 2024 కొలతలో గీత వెడల్పు వందల కిలోహెర్ట్జ్ కనిపించింది. అందులో పెద్ద వాటా కోంబ్‌దే. అసలు కేంద్రకం గీత స్ఫటికం గోల లేకపోతే హెర్ట్జ్‌లో వెయ్యో వంతు కన్నా సన్నం. అంత సన్నటి గీతను ఇంత మొద్దు కాంతితో తడిమితే, లేజరు దారి తప్పిందని చెప్పేదెవరు? నా మటుకు నాకు ఇది కేంద్రక భౌతికశాస్త్రం సమస్య కాదిప్పుడు. కాంతి సమస్య.

ఎమ్మెస్సీ ఫైనలియర్:
స్ఫటికంలోనే ఎందుకు పెట్టాలి? ఆవిరిగానో, లోహపు రేకుగానో పెట్టకూడదా? సెమినార్‌లో మా హెడ్ గారు కచ్చితంగా అడిగే ప్రశ్న ఇది.

స్పెక్ట్రోమీటర్:
తటస్థ థోరియం పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి సుమారు 6.3 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. కేంద్రకం దగ్గర 8.36 ఉంది. అలాంటప్పుడు అది ఫోటాన్ ఇచ్చేదాకా ఎందుకు ఆగుతుంది? పక్కనున్న ఎలక్ట్రాన్‌ని బయటికి తన్ని కొన్ని మైక్రోసెకన్లలో దిగిపోతుంది. 2016లో మ్యూనిక్ వాళ్లు పట్టుకున్నది ఆ ఎలక్ట్రాన్లనే.

కాల్షియం ఫ్లోరైడ్‌లో థోరియం నాలుగు ఎలక్ట్రాన్లు వదిలేసి కూర్చుంటుంది. స్ఫటికం బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ విడిపోవడానికి దాటాల్సిన శక్తి) 8.36 కన్నా బాగా ఎక్కువ. ఎలక్ట్రాన్లకు పోయే దారి లేదు, కాబట్టి కేంద్రకం కాంతిగానే దిగాలి. అప్పుడు దాని ఆయుష్షు పది నిమిషాల పైచిలుకు. పీటీబీ కొలిచింది సుమారు 630 సెకన్లు. మైక్రోసెకన్ల నుంచి పది నిమిషాలకు! శూన్యంలో ఒంటరిగా ఉంటే ఇంకా ఎక్కువ. జపాన్‌లో రికెన్ బృందం మూడు ఎలక్ట్రాన్లు ఊడిన థోరియం అయాన్లను బంధించి, అర్ధ జీవితకాలం సుమారు 1,400 సెకన్లని చెప్పింది.

ఇంకో లాభం సంఖ్య. అయాన్ ట్రాప్‌లో ఒకటో, కొన్నో ఉంటాయి. చిన్న స్ఫటికంలో కోట్ల కోట్లు. లేజరుతో చల్లబరిచే తతంగం కూడా అక్కర్లేదు.

రాత్రి షిఫ్టు:
దాన్ని ఎలా చూస్తారో కూడా చెప్పండి, వినేవాళ్లకు నచ్చుతుంది. కొన్ని నిమిషాలు లేజరు వేస్తారు. ఆపేస్తారు. చీకట్లో స్ఫటికం నుంచి వచ్చే ఫోటాన్లు లెక్కపెడతారు, అది కూడా నిమిషాల తరబడి. ఫ్రీక్వెన్సీ ఒక మెట్టు జరిపి మళ్లీ మొదలు. అసలు తలనొప్పి ఏంటంటే, థోరియం-229 రేడియోధార్మికం కదా, అది వదిలే ఆల్ఫా కణాలు తగిలి స్ఫటికం తనంతట తానే వెలుగుతుంది. ఆ వెలుగులోంచి మన ఫోటాన్లను ఫిల్టర్లతో ఏరుకోవాలి.

విశ్వరహస్యం 108:
దీనితో ముహూర్తాలు కచ్చితంగా పెట్టొచ్చా? ఇంకా కేంద్రకాన్ని లేజరుతో కదిలిస్తే పేలదా? అణుబాంబుకి...

మోడరేటర్:
పేలదు. 8 ఎలక్ట్రాన్ వోల్టులు ఒక రసాయన బంధాన్ని తెంపడానికి సరిపోతాయి, అంతే. ముహూర్తాల చర్చకు వేరే విభాగం ఉంది, దయచేసి అక్కడికి వెళ్లండి.

గోదారి గట్టు:
మోడరేటర్ గారికి దండాలు. నా డౌట్ ఇంకా తీరలేదు. ఉన్న గడియారాలు 10⁻¹⁸ దాకా పోతున్నాయి. ఇంకా కచ్చితత్వం ఎవరికి కావాలి? రైలు ఎలాగూ లేటే.

స్పెక్ట్రోమీటర్:
ఒక మీటరు పైకెక్కితే గడియారం 10¹⁶లో ఒక వంతు వేగంగా నడుస్తుంది, ఐన్‌స్టీన్ లెక్క. అంటే 10⁻¹⁸ గడియారం ఒక సెంటీమీటరు ఎత్తు తేడా చెబుతుంది. అక్కడి నుంచి అది సమయం చూసే పరికరం కన్నా భూమిని కొలిచే పరికరం అవుతుంది. ఇదంతా స్ట్రాన్షియం, అల్యూమినియం క్లాకులు ఇప్పుడే చేస్తున్నాయి. 2022లో జిలా ఒక మిల్లీమీటరు లోపలే ఆ తేడాను చూపించింది. కచ్చితత్వం పోటీలో థోరియం ఈ రోజుకి వాటి దరిదాపుల్లో కూడా లేదు. ఇది స్లైడ్‌లో నిర్మొహమాటంగా రాయండి.

థోరియం మీద నాకు ఆసక్తి వేరే. పైన చెప్పాను కదా, రెండు పెద్ద శక్తులు కొట్టేసుకుంటే ఈ ఎనిమిది మిగిలిందని. విద్యుదయస్కాంత బలాన్ని నిర్ణయించే ఫైన్ స్ట్రక్చర్ స్థిరాంకం ఏ కాస్త మారినా, ఆ కొట్టివేత చెడి ఫ్రీక్వెన్సీ ఎగిరిపడుతుంది. 2025లో వియన్నా బృందం లెక్క ప్రకారం స్థిరాంకం మార్పు ఈ ఫ్రీక్వెన్సీలో సుమారు 6,000 రెట్లు పెద్దదై కనిపిస్తుంది. ఈ అంచనాలో పొరపాటు అవకాశం కూడా పెద్దదే, మూడో వంతు పైన. అయినా మామూలు ఆప్టికల్ క్లాకుల్లో ఈ గుణకం ఒకటికి అటూ ఇటూ ఉంటుంది, చాలావాటిలో ఇంకా తక్కువ. అందుకే కృష్ణ పదార్థం (డార్క్ మ్యాటర్) వెతికేవాళ్లు ఇటు ఎగబడుతున్నారు. అత్యంత తేలికైన కృష్ణ పదార్థం ఉంటే స్థిరాంకం సన్నగా ఊగాలని ఒక ఊహ. అలా ఊగితే మొదట చెప్పేది థోరియమే.

పాతరేడియో:
ఇప్పుడు కాస్త మింగుడుపడింది. గడియారంగా వెనకబడ్డా, పరీక్షసాధనంగా ముందుందన్నమాట. మరి మీరన్న ఆ సన్నటి కాంతి ఎప్పటికి వస్తుంది?

రాత్రి షిఫ్టు:
వస్తోంది. 2025లో బీజింగ్‌లోని సింఘువా విశ్వవిద్యాలయం వాళ్లు కాడ్మియం ఆవిరిలో నాలుగు తరంగాలను కలిపి 148 నానోమీటర్ల దగ్గర పల్స్ కాని, నిరంతరంగా వెలిగే లేజరు తీశారు. వంద నానోవాట్ల పైన. చిన్నదిగా వినిపిస్తుంది గానీ, కోంబ్‌లో ఒక పన్నుకి దక్కేదానికి ఇది వంద రెట్లు, అదంతా మనకు కావాల్సిన ఒకే రంగులో. ఈ మధ్య వచ్చిన వాటిలో నాకు అన్నిటికన్నా ఇదే పెద్ద వార్త. పత్రికల్లో మాత్రం దీనికి దక్కింది అంతంతే. కాంతి మూలం వార్త ఎవరికి కావాలి, గడియారం వార్త అయితే ఫోటోతో సహా వేస్తారు.

ఇంకో వైపు సరుకు పొదుపు. 2024 డిసెంబరులో జిలా, యూసీఎల్‌ఏ కలిసి స్ఫటికం బదులు థోరియం ఫ్లోరైడ్ పలచటి పొరను ఆవిరిగా అద్ది, అందులో ఆ గీత చూశారు. మైక్రోగ్రాముల సరుకు చాలు, రేడియోధార్మికత వెయ్యి రెట్లు తక్కువ. స్ఫటికం పెంచడం మాటలు కాదు. థోరియం ఆల్ఫా దెబ్బలకు స్ఫటికంలోంచి ఫ్లోరిన్ ఊడిపోతుంది, అప్పుడది 148 దగ్గర మసకబారుతుంది. వియన్నా వాళ్లు దాన్ని వేడిచేసి మళ్లీ ఫ్లోరిన్ పట్టించే పద్ధతి కూడా చేసుకోవాల్సి వచ్చింది.

భీమిలి బీచ్:
మన దేశంలో ఎవరైనా చేస్తున్నారా ఇలాంటివి?

స్పెక్ట్రోమీటర్:
భారత ప్రామాణిక సమయం చూసేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల, సీజియం క్లాకులతో. పుణేలో ఐయూకా ఖగోళ పరిశోధన సంస్థలో యిటర్బియం అయాన్‌తో ఆప్టికల్ క్లాక్ మీద పని నడుస్తోంది. థోరియానికి వెళ్లే దారి కూడా అటునుంచే. కోంబ్, స్థిరమైన లేజరు, ఇంకో మంచి క్లాకు, ఈ మూడూ చేతిలో లేకుండా థోరియం ఉన్నా చేసేదేం లేదు.

ఎమ్మెస్సీ ఫైనలియర్:
అందరికీ చాలా థ్యాంక్స్. సెమినార్ పేరు "థోరియం-229: 148 నానోమీటర్ల కాంతి కోసం వేట" అని మార్చమని గైడ్ గారిని అడిగాను, సరే అన్నారు. ఆఖరి డౌట్. స్ఫటికం అంటే ఉష్ణోగ్రతతో వ్యాకోచిస్తుంది కదా. గది ఏసీ మారితే ఫ్రీక్వెన్సీ మారిపోదా?

రాత్రి షిఫ్టు:
మారుతుంది, అదీ కొలిచారు. స్ఫటికంలోని విద్యుత్ క్షేత్రం వల్ల ఒకే గీత కొన్ని గీతలుగా చీలుతుంది. 150 కెల్విన్ నుంచి 293 కెల్విన్ దాకా వేడి మార్చి చూస్తే వాటిలో ఒకటి సుమారు 62 కిలోహెర్ట్జే జరిగింది, మిగతావి అంతకన్నా చాలా ఎక్కువ. కాబట్టి ఆ ఒక్కదాన్నే పట్టుకుంటారు. ఆ తర్వాత వేర్వేరు మోతాదుల్లో థోరియం కలిపిన స్ఫటికాలను నెలల తరబడి పోల్చి చూస్తే తేడా కొన్ని వందల హెర్ట్జ్ లోపే వచ్చింది. నిష్పత్తిగా చూస్తే 10⁻¹³ చిల్లర. చీలిన గీతల బొమ్మ మాత్రం స్లైడ్‌లో పెట్టండి. అది లేకుండా ఉష్ణోగ్రత సంగతి నోటితో చెబితే ఎవరికీ ఎక్కదు.

పాతరేడియో:
10⁻¹³ అంటే మా రోజుల్లో మంచి సీజియం క్లాకు స్థాయి. సెమినార్ అయ్యాక ఆ స్లైడ్లు ఇక్కడ పెట్టమ్మా, నేనూ చూస్తాను.